దాటిందంటే పోయిందని కాదు

లీలారాణి చేసే ఉద్యోగం ఏమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అని చెబితే, ఎదురింటి రాజకుమారి గారు "అయితే మా హాలుకి ఏ రంగెయ్యాలో సెప్పు లీలా" అని అడిగింది. పసుపు మాత్రం వద్దని చెప్పి వచ్చేసింది లీలారాణి. కళింగపట్నంలో ఎండుచేపలు ఆరబెట్టే తవిటమ్మ, చదువు రాని మనిషి, ఒక్కసారికే పట్టేసింది.

"గుడ్డున్నోలు దర్జీకాడికెల్తారు. సదువున్నోలు నీకాడికొస్తారు. మాకు సరిపడేటట్టు కత్తిరించి కుడతావు. అంతేనేటి?"

ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. పుస్తకాలు కొద్దో గొప్పో చదివానని చెప్పుకోగలను. ఇంటరు తప్పాక మూడేళ్ళు జిల్లా గ్రంథాలయంలోనే పడి ఉన్నాను. ఆ తరువాత అరసవల్లి గుడి రోడ్డులో డీటీపీ షాపు పెట్టాను. పెళ్ళి కార్డులు, పెద్దకర్మ కార్డులు, మధ్యలో లీలారాణి పాఠాలు. ఆవిడ నాకు వరసకి ఏమీ కాదు. అప్ప అని పిలుస్తాను. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

ఆవిడ చదువు మొదలైంది బడిలో కాదు, చర్చి వరండాలో. వాళ్ళమ్మ శాంతమ్మ బాప్టిస్టు చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేది. ఆకుపచ్చ ఫ్లానెల్ గుడ్డ బిగించిన చెక్క బోర్డు ఒకటి ఉండేది. కాగితం బొమ్మల వెనక గరుకు కాగితం ముక్క అంటించి గుడ్డ మీద ఆనిస్తే నిలబడేవి. గొర్రె, కాపరి, కొండ. కథ నడిచే కొద్దీ ఒక్కో బొమ్మ ఎక్కేది, ఒక్కోటి దిగేది. బొమ్మలు అందించడం పన్నెండేళ్ళ లీల పని. ఒక ఆదివారం తల్లి రావడం ఆలస్యమైతే, ఘనంగా ఉంటుందని బొమ్మలన్నీ తనే ఒకేసారి ఎక్కించేసింది. శాంతమ్మ వచ్చి చూసి అన్నీ పీకేసింది.

"అన్నీ ఒక్కపాలే పెట్టీస్తే పిల్లగుంటలు దేన్నీ సూడరే. ఒకటి సూపించు. అది ఆల్లది అయ్యాక రెండోది తియ్యి."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

తండ్రి ఎజ్రా ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఆవిడ ఇంటరులో ఉండగా పోయాడు. కాలేజీ అక్కడితో ఆగింది. చదువు ఆగలేదు. అక్షరాస్యత కేంద్రంలో ఆడవాళ్ళకు వాచకం చెప్పే పని దొరికింది. ఆ వాచకంలో మొదటి వాక్యం "ఉదయమే నిద్ర లేవాలి." కోడి కూయక ముందే ఊడ్పులకు పోయే గున్నమ్మ అనే ఆవిడ అది విని, "మేం లెగిసేసరికి మీ ఉదయం ఇంకా తొంగునే ఉంటాది గదమ్మా" అంది. తరగతి అంతా పడీ పడీ నవ్వింది. పాఠం రాసినవాడు పాఠం వినేవాళ్ళను ఒక్కసారైనా చూడలేదని లీలారాణికి ఆ నవ్వులో తెలిసింది. పద్దెనిమిదేళ్ళ పిల్లకు తెలిసింది. పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఈ రోజుకీ తెలియలేదు.

తరువాత చీపురుపల్లిలో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేస్తూ దూరవిద్యలో బీయే, తెలుగు ఎమ్మే, బీయెడ్డూ పూర్తిచేసింది. పరీక్షలకు రైల్లో నిలబడి చదువుకుంటూ వెళ్ళేది. 2011లో విశాఖపట్నంలో ఒక కంపెనీ, కూలిపనుల వాళ్ళకు, చేతిపనుల వాళ్ళకు శిక్షణ పాఠాలు తయారుచేసే కంపెనీ, ఆవిడను కాంట్రాక్టు మీద తీసుకుంది. ఇంట్లో కూర్చుని రాసి పంపాలి.

ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ కోసం ఒక పాఠం రాయమంటే, "చేతులకు తొడుగులు ధరించవలెను" అన్న కంపెనీ వాక్యాన్ని పక్కన పెట్టి, పలాస వెళ్ళి వారం రోజులు వాళ్ళ పక్కన కూర్చుని పిక్కలు కొట్టింది. జీడి రసానికి వేళ్ళు పొక్కిపోయాయి. తొడుగు వేసుకుంటే పప్పు చిట్లుతుందని, చిట్లిన పప్పుకు కూలి తగ్గిస్తారని, అందుకే వాళ్ళు చేతికి బూడిద రాసుకుంటారని అక్కడ నేర్చుకుంది. తిరిగొచ్చి పాఠం మొత్తం చింపేసి, ఏ వేళ్ళకు తొడుగు ఉండాలో, ఏ రెండు వేళ్ళు ఖాళీగా ఉండాలో రాసింది. "నేర్పడానికెళ్ళి నేర్చుకొని వచ్చావేటప్పా?" అని నేను ఎగతాళి చేస్తే, "రెండూ ఒకటేరా. ముందు ఏదన్నదే తేడా" అంది.

పాఠం అచ్చుకు వెళ్ళే ముందు ఆవిడది ఇంకొక పద్ధతి ఉంది. బస్సెక్కి కళింగపట్నం పోయి తవిటమ్మకు చదివి వినిపిస్తుంది. తవిటమ్మ చేతులు చేపల్లో ఉంటాయి, చెవి ఇటుంటుంది. ఎక్కడైనా "అయితే ఏటంతావు?" అని ఆవిడ అడిగిందంటే ఆ వాక్యం పోయినట్టే. లీలారాణి వాదించదు, వివరించదు. కొట్టేస్తుంది. "అడిగిందంటే తప్పు నాది" అంటుంది.

2016లో తుపాను పాఠం వచ్చింది. తీరం ఊళ్ళలో ప్రతి ఇంటికీ ఒక చిన్న పుస్తకం, ఊరికి ఒక రోజు శిక్షణ. శిక్షణ కూడా ఆవిడే ఇవ్వాలి. టైపు చేసిన కాగితాలు పట్టుకుని ఇద్దరం కళింగపట్నం వెళ్ళాం. వంశధార నదిమొగ దగ్గర ఇసుకలో వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. తవిటమ్మ మొగుడు సోములు ఒక కాలు చాపుకుని కాకుల్ని అదిలిస్తున్నాడు.

లీలారాణి చదివింది. "తుపాను రేపు ఉదయం తీరం దాటుతుంది."

"అమ్మయ్య" అంది తవిటమ్మ.

"ఏం, అమ్మయ్యంటావేం?"

"దాటిపోతాదన్నావు గదా. గండం దాటినట్టే. మంచి మాటే గదమ్మా."

లీలారాణి కాగితం దించేసింది. నేను వెర్రిమొహం వేశాను. పుట్టిన దగ్గర్నుంచీ రేడియోలో, టీవీలో, పేపర్లో వింటున్న మాట అది. తీరం దాటడమంటే సముద్రంలో ఉన్న తుపాను నేల మీదికి ఎక్కడం. అంటే గాలీ వానా మన నెత్తిన పడే ఘడియ. కానీ మన ఇళ్ళలో దాటడమంటే ఏమిటి? గండం దాటింది. బస్సు ఊరు దాటింది. దాటిందంటే ఇక లేదు, వెళ్ళిపోయింది. ఒడ్డు మీద ఇల్లున్న మనిషికి ఆ మాట సరిగ్గా తిరగబడి వినబడుతోంది. సముద్రం సంగతి, మబ్బు సంగతి వీళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. తెలియనిది ఆ ఆఫీసు మాటే.

సోములు కాకుల్ని వదిలేసి ఇటు తిరిగాడు.

"నా కాలు అలాగే పోనాదమ్మా. అప్పుడు రేడియోలో దాటీసినాదన్నారు. గాలి కూడా ఆగిపోనాది. ఎండ కూడా పొడిసినాది. తెప్ప లాగీసుకుందారని ఎల్లాను. సగం గాలే ఒచ్చినాది, సగం ఇంకా ఉన్నాదని నాకేటి తెల్సు? అటేపు నుంచి లెగిసినాది. తాడిసెట్టు కాలి మీద పడినాది."

"ఇన్నేళ్ళూ నీ తొందరే అని తిట్టాను ఈడ్ని" అంది తవిటమ్మ. "రేడియోని తిట్టవలసింది."

తుపాను నడిమధ్యలో గాలి లేని చోటు ఒకటి ఉంటుంది. అది నెత్తి మీదికి వచ్చినప్పుడు ఆకాశం తేటపడుతుంది. తరువాత రెండో వైపు గాలి తిరగబడుతుంది. ఇదంతా లీలారాణి అంతకు ముందే చదివి ఉంది. ఆ రోజు తిరుగు బస్సు దిగేటప్పుడు, "ఈ ముక్క మార్చాలిరా సత్యం. ఇది మారకపోతే మిగతా ఇరవై పేజీలూ దండగ" అంది.

ఆవిడ జీవితంలో తరువాతి రెండేళ్ళు ఆ ఒక్క మాట కోసం పోయాయి.

కంపెనీలో పాఠాలన్నిటి మీదా ఆఖరి సంతకం మోహనకృష్ణ గారిది. పరుషంగా మాట్లాడే మనిషి కాదు. మెత్తగా, నవ్వుతూ మాట్లాడతాడు. ఆ మెత్తదనమే నాకు మంట. ఆవిడ ఫోను స్పీకర్లో పెడితే నా షాపులో నేనే విన్నాను.

"'తుపాను ఒడ్డెక్కి మన మీద పడుతుంది' అని రాశారు. ఏటి మేడమ్, పాఠం సిక్కోలు భాషలో రాసేద్దామా ఏటి?"

"చదివేది సిక్కోలు వాళ్ళే కదండీ."

"తీరం దాటడం స్టాండర్డ్ మాట. మార్చాలంటే దానికొక అథారిటీ ఉండాలి. మీకు ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లో సర్టిఫికెట్ ఏమైనా ఉందా?"

ఎమ్మే తెలుగు ఉంది. ఇరవై నాలుగేళ్ళ అనుభవం ఉంది. పొక్కిపోయిన వేళ్ళు ఉన్నాయి. సర్టిఫికెట్ లేదు.

"సంపాదిస్తానండీ" అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆడికి సర్టిఫికెట్ కాదప్పా, నాలుగు తగిలించాలి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "నాకు రానిది ఏదో ఉండొచ్చు కదరా. చూద్దాం" అంది.

నలభై రెండేళ్ళ వయసులో విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ళ ఆన్‌లైన్ కోర్సులో చేరింది. ఆవిడ ఇంట్లో నెట్టు రాదు, నా షాపులో వస్తుంది. పెళ్ళి కార్డుల వాళ్ళు వచ్చిపోతుంటే ఒక మూల చెవులకు తీగలు పెట్టుకుని కూర్చునేది. ఆ ఇంగ్లీషు ఆవిడకు సగమే అందేది. వీడియో ఆపి, తెలియని మాటను పాడైపోయిన శుభలేఖల వెనక రాసుకుని, అర్థం వెతుక్కుని, మళ్ళీ మొదటికి తిప్పేది. పది నిమిషాల వీడియోకు పూట పట్టేది. ఒక రోజు ఉన్నట్టుండి చెవుల తీగలు పీకేసింది.

"ఏటైందప్పా?"

"ఒకసారి ఒక్కటే చూపించాలంట. అది వాళ్ళది అయ్యాక రెండోదంట. దీనికి పెద్ద పేరు పెట్టారురా." కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మ ముప్పై ఏళ్ళ కిందట ఫ్లానెల్ గుడ్డ మీద చెప్పింది."

ఆవిడకు అది సంతోషం. నాకు కాదు. శాంతమ్మ నోట వస్తే అది ఆదివారం పిల్లల ఆట. ఇంగ్లీషులో వస్తే శాస్త్రం. మన తల్లులకు తెలిసినదాన్ని మనం ఇంకొకరి సంతకంతో తెచ్చుకుంటే గానీ చెల్లదు.

అయినా ఆ కోర్సు ఆవిడకు ఒక ఆయుధం ఇచ్చిందని ఒప్పుకోవాలి. పాఠాన్ని ముందు కొద్దిమంది మీద పరీక్షించి, ఫలితం లెక్క రాసి చూపించాలన్నది అందులో నేర్చుకుంది. తవిటమ్మతో చేస్తున్నది అదే, కాకపోతే కాగితం మీద లేదు. ఎనిమిది ఊళ్ళు తిరిగింది. నలభై మందికి ఆ వాక్యం చదివి, "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగింది. ఇరవై తొమ్మిది మంది చెప్పింది ఒకటే: ఒడ్డుకెళ్ళి పడవ చూసుకుంటాం.

ఆ కాగితం, సర్టిఫికెట్ పట్టుకుని 2018 వేసవిలో విశాఖపట్నం వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. మోహనకృష్ణ గారు సర్టిఫికెట్ చూసి, "వెరీ గుడ్, ఈ వయసులో" అన్నాడు. కాగితం చూసి, "నలభై మందేనా?" అన్నాడు. తరువాత పుస్తకాన్ని బల్ల మీద ఆవిడ వైపు తోశాడు. అప్పటికే అచ్చయిపోయింది. పదకొండో పేజీలో తీరం దాటుతూనే ఉంది.

"మరి సర్టిఫికెట్ తెమ్మన్నారు కదండీ."

"అది మీ కెరీర్‌కి మంచిదని చెప్పాను మేడమ్."

ఏ మనిషైనా అక్కడ ఏడవాలి, లేదా బల్ల ఎత్తిపడెయ్యాలి. ఆవిడ ఆ పుస్తకం తీసుకుని, పదకొండో పేజీలో వాక్యం కింద ఎంత ఖాళీ ఉందో వేలితో కొలిచింది. రెండు వేళ్ళ వెడల్పు.

మర్నాడు షాపుకు వచ్చి, "ఒక చీటీ కొట్టాలిరా" అంది. ఏం రాయాలన్నది ఫోనులో తవిటమ్మే చెప్పింది. నేను దాన్ని అచ్చు తెలుగులోకి దిద్దబోతే అప్ప నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఆవిడ అన్నట్టే ఉండనీ."

దాటినాదంటే ఎల్లిపోనాదని కాదు. మన మీదికొచ్చీసినాదని. గాలి ఆగినా బయటికెల్లకండి.

మా మాట అచ్చులో చూడడం నాకదే మొదటిసారి. సినిమాల్లో వంటవాడి నోట, పనిమనిషి నోట నవ్వు కోసం పెట్టే మాట, ప్రాణం కాపాడే వాక్యమై నా ప్రింటరులోంచి బయటికి వచ్చింది. అప్ప మైదా పిండి ఉడకబెట్టి, శిక్షణ ఇచ్చిన ప్రతి ఊళ్ళో ఆ ఆడవాళ్ళ చేతే ప్రతి పుస్తకంలోనూ అంటింపజేసింది. ఈ సంగతి కంపెనీకి చేరడానికి మూడు వారాలు పట్టింది. కాంట్రాక్టు తీసేశారు. "అనధికార మార్పులు" అని రాశారు. ఆ ఉత్తరం ఆవిడ ఒకసారి చదివి, "వాక్యం బాగుంది, 'అయితే ఏటంతావు' అని అడగక్కర్లేదు" అంది.

ఆ ఏడు అక్టోబరులోనే తుపాను వచ్చింది. పొద్దున్నే తవిటమ్మ వాళ్ళ పేట జనమంతా బడి భవనంలో ఉన్నారు. పది గంటలకు గాలి ఆగింది. మబ్బు విడింది. అదే సమయానికి ఫోన్లలో మెసేజీ మోగింది. తుపాను తీరం దాటింది. మగవాళ్ళు లేచి లుంగీలు బిగించారు.

తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"కూకోండి."

"దాటీసినాదత్తా. ఇదిగో, ఫోన్లో ఏసినారు" అన్నాడు కూర్మయ్య, ఆవిడకు అల్లుడు వరస.

"దాటినాదంటే ఒచ్చినాదని. పుస్తకం తియ్యి. సదువు."

"పడవ పోతాదే!"

"పోనీ. మీ మావ కాలు సూడు. సూసి, అప్పుడెల్లు."

సోములు పంచె పైకి లాగి కాలు చూపించాడు. కూర్మయ్య పుస్తకం తీసి చీటీ చదివాడు. రెండోసారి పెద్దగా చదివాడు. అరగంటకు పడమటి వైపు నుంచి గాలి లేచింది. బడి వెనక సరుగుడు తోట తోటంతా పడుకుంది. పడవలు మూడు పోయాయి. మనుషుల్లో ఒక్కరూ పోలేదు.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. కానీ అయిదో రోజున తవిటమ్మ మా షాపుకు వచ్చి, అప్ప ఉండగానే మిగతాది చెప్పింది.

"ఆ మర్నాడు మద్దేన్నం దాకా లెగనేదమ్మా మేం. గాలి రాత్రే పోనాది. గుంటలు ఆకలికి ఏడుపు. కూర్మయ్య లెగుస్తానన్నాడు. నానే లెగనివ్వనేదు. కాయితం బయటికెల్లొద్దంది గానీ, ఎప్పుడెల్లాల్నో సెప్పనేదు గదా."

నేను నవ్వాను. తవిటమ్మా నవ్వింది. లీలారాణి ముఖం తెల్లబోయింది.

"తలుపు వెయ్యడం రాశాను గానీ తియ్యడం రాయలేదురా" అంది.

"నువ్వేటి సేసినావో తెలుసా అప్పా? పేటంతా బతికున్నాది!" అన్నాను.

"పసిపిల్లలు ఒక రోజు పస్తున్నారు. అది నా తప్పు." అప్పుడే సంచిలోంచి కాగితం తీస్తోంది. "తవిటమ్మా, గాలి నిజంగా పోయిందని నీకెలా తెలుస్తుంది? ముందు ఏం చూస్తావు?"

"సెబితే తెల్సేది కాదమ్మా అది. నీటి రంగు సూడాల. పిట్టలు సూడాల. ఒచ్చి నాలుగు దినాలు కూకో మా కాడ. సూపిస్తాను."

"రేపొస్తాను."

ఉద్యోగం లేదు. పాఠం రాయమని అడిగినవాడు లేడు. కంపెనీ పుస్తకం రెండో అచ్చు అప్పటికే వచ్చింది, నేను తెప్పించి చూశాను. పదకొండో పేజీలో అదే వాక్యం, కింద రెండు వేళ్ళ ఖాళీ. తప్పు చేసిన మనిషి ఆ కుర్చీలోనే ఉన్నాడు, వాడికి నేర్చుకోవలసింది ఏమీ లేదు. తప్పు దిద్దిన మనిషి మర్నాడు పొద్దున్నే చేతిసంచిలో రెండు చీరలు, ఒక నోటుబుక్కు పెట్టుకుని కళింగపట్నం బస్సు కోసం మా షాపు ముందు నిలబడింది.

"అక్కడ కూకోవలసింది నువ్వు కాదప్పా" అన్నాను. "ఆ మోహనకృష్ణ గారు."

"ఆయన రాడు కదరా" అంది, బస్సు వస్తోందేమోనని చూస్తూ. "ఇంకో చీటీ పడుతుంది. కాగితం ఉంచు."